వీఎం డిస్క్ వేగం: కెర్నెల్ డ్రైవరా, యూజర్‌స్పేస్ డ్రైవరా? తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టుపక్కల రైస్ మిల్లులు, రొయ్యల హ్యాచరీలు, చీమకుర్తి గ్రానైట్ ఆఫీసులు, ఆస్పత్రులు, ఇంజినీరింగ్ కాలేజీలు చాలావరకు ఒకే సర్వర్ మీద నాలుగైదు వర్చువల్ మెషీన్లు (వీఎంలు) నడుపుకుంటున్నాయి. డిస్క్ నెమ్మదించిన ప్రతిసారీ అక్కడి నుంచి ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట పెట్టాం. జవాబులు కేవీఎం, క్యూఎము (లినక్స్‌లో వీఎంలు నడిపే జంట) మీద నడిచే సర్వర్లకు వర్తిస్తాయి. వీటిని నిర్వహించే ప్రాక్స్‌మాక్స్, లిబ్‌వర్ట్ వాడేవాళ్లది కూడా ఇదే కుటుంబం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## దారి ఎంచుకునే ముందు

కెర్నెల్ డ్రైవర్, యూజర్‌స్పేస్ డ్రైవర్ అంటారు. వీఎం విషయంలో అసలు తేడా ఎక్కడుంది?

గెస్ట్‌లోని (అంటే వీఎం లోపలి) విండోస్ ఒక 4 కేబీ ముక్క చదవాలనుకుందనుకోండి. ఆ అభ్యర్థన ముందు వర్ట్‌ఐఓ (వీఎంల కోసమే చేసిన కృత్రిమ డిస్క్) క్యూలో పడుతుంది. హోస్ట్ (అసలు సర్వర్) వైపు ఎవరో ఒకరు దాన్ని అందుకుని అసలు డిస్క్‌కు చేర్చాలి. చేర్చేది లినక్స్ కెర్నెల్ (ఓఎస్ అసలు గుండె)లోని ఎన్‌వీఎంఈ (పీసీఐ లైనుకు తగిలే వేగమైన ఎస్‌ఎస్‌డీ) లేదా సాటా (పాత కేబుల్ పద్ధతి డిస్క్) డ్రైవర్ అయితే అది కెర్నెల్ దారి. అందులో సిస్టమ్ కాల్ (ప్రోగ్రామ్ కెర్నెల్‌ను అడగడం), బ్లాక్ లేయర్ (కెర్నెల్‌లో డిస్క్ పనులు చూసే భాగం), షెడ్యూలర్, పని ముగిశాక డిస్క్ కొట్టే ఇంటరప్ట్, దానికి నిద్రలేచే థ్రెడ్ అన్నీ ఉంటాయి.

కెర్నెల్‌ను పక్కకు తప్పించి ఒక మామూలు ప్రాసెసే డిస్క్ రిజిస్టర్లను తన మెమరీలోకి మ్యాప్ చేసుకుని, క్యూలు తానే నింపి, పని అయిందా లేదా అని తానే చూస్తూ ఉంటే అది యూజర్‌స్పేస్ దారి. ఇంటెల్ 2015లో ఓపెన్ సోర్స్ చేసిన ఎస్‌పీడీకే వీటిలో పేరున్నది. అలా చూస్తూ ఉండడాన్నే పోలింగ్ అంటారు. ఇంటరప్ట్ ఉండదు, నిద్ర ఉండదు, సిస్టమ్ కాల్ ఉండదు. దానికి బదులు ఒక సీపీయూ కోర్ పూర్తిగా దానికే అంకితం అయిపోతుంది.

క్యూఎము కూడా యూజర్‌స్పేస్ ప్రోగ్రామే కదా? మరి నేను ఇప్పుడు వాడేది ఏ దారి?

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. మామూలు వర్ట్‌ఐఓ డిస్క్‌లో అభ్యర్థనను అందుకునేది క్యూఎము, అంటే యూజర్‌స్పేస్. కానీ అది డిస్క్‌ను ముట్టుకోదు. ఫైల్‌నో, ఎల్‌వీఎం వాల్యూమ్‌నో (డిస్క్‌ను కోసి చేసిన భాగం) తెరిచి కెర్నెల్‌ను అడుగుతుంది. అసలు డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంటుంది కాబట్టి దీన్ని కెర్నెల్ దారిగానే లెక్కేయాలి. హోస్ట్‌లో ‘ఎల్ఎస్‌బీఎల్‌కే’ కొడితే ఆ ఎన్‌వీఎంఈ కనపడుతోందా? అయితే డ్రైవర్ కెర్నెల్ చేతిలో ఉంది. యూజర్‌స్పేస్ డ్రైవర్ చేతికి వెళ్లిన డ్రైవ్ ఆ జాబితాలో ఉండదు.

మాది 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్కుల సర్వరన్నా. ఎస్‌పీడీకే వేస్తే స్పీడ్ పెరుగుద్దా?

పెరగదు. ఆ డిస్క్ ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం, అంటే 4.2 మిల్లీసెకన్లు. హెడ్ కదలడానికి సుమారు మరో 8. మొత్తం 12 మిల్లీసెకన్లు, అంటే 12,000 మైక్రోసెకన్లు. కెర్నెల్ దారి ఖర్చు 20 మైక్రోసెకన్లు అనుకుని, దాన్ని సున్నా చేసినా ఆదా అయ్యేది వెయ్యిలో రెండు వంతులు కూడా కాదు. చీమకుర్తి నుంచి రాయి ఎక్కించుకుని కృష్ణపట్నం పోర్టుకు పోయే లారీకి గేటు దగ్గర పది సెకన్లు తగ్గించినట్టు ఉంటుంది. పైగా ఎస్‌పీడీకే సొంత డ్రైవర్ ఎన్‌వీఎంఈ కోసం రాసింది. సాటా డిస్క్ పెడితే అది మళ్లీ కెర్నెల్‌నే అడగాలి. ఆ డబ్బుతో ఒక ఎస్‌ఎస్‌డీ కొనండి.

సాటా ఎస్‌ఎస్‌డీకి అయితే?

వద్దు. సాటాకు ఒకే క్యూ, అందులో 32 అభ్యర్థనలు, 6 గిగాబిట్ల లైను. కెర్నెల్ దారి దాన్ని నిండుగా వాడేస్తుంది.

ఎన్‌వీఎంఈ మీద లాభం ఎంతుంటది? లెక్క చెప్పండి.

డిస్క్ ఎంత వేగంగా జవాబిస్తే దారి ఖర్చు అంత పెద్దదిగా కనపడుతుంది. మామూలు నాండ్ (ఫ్లాష్) ఎన్‌వీఎంఈలో 4 కేబీ రాండమ్ రీడ్ సుమారు 80 మైక్రోసెకన్లు. దారి ఖర్చు 20 అనుకుంటే మొత్తం 100. ఒకదాని తర్వాత ఒకటి అడిగే అప్లికేషన్‌కు సెకనుకు 10,000 రీడ్లు. దారిని 5కు తగ్గిస్తే మొత్తం 85. సెకనుకు సుమారు 11,760. అంటే సుమారు 18 శాతం. లాభమే కానీ అద్భుతం కాదు.

పవర్ లాస్ ప్రొటెక్షన్ (కరెంటు పోయినా డేటాను కాపాడే కెపాసిటర్లు) ఉన్న సర్వర్ డ్రైవ్‌లో చిన్న రైట్ 20 మైక్రోసెకన్లలోపే ముగుస్తుంది. అక్కడ దారి ఖర్చు డిస్క్ ఖర్చుతో సమానం, కాబట్టి లాభం స్పష్టంగా తెలుస్తుంది. రెండోది, అనేక వీఎంలు కలిసి సెకనుకు లక్షల అభ్యర్థనలు పంపే చోట ఒక్కో అభ్యర్థనకు పోయే సీపీయూ తగ్గుతుంది. పోలింగ్ కోర్ తన జీతం తాను సంపాదించుకునేది అక్కడే. పది మంది బిల్లులు కొట్టే మిల్లు సర్వర్‌లో ఆ పరిస్థితి రాదు.

మాది పాత జియాన్ ఈ5 వీ3 సెకండ్‌హ్యాండ్ సర్వర్. దీంట్లో తేడా ఎక్కువా తక్కువా?

ఎక్కువే. 2018లో బయటపడ్డ మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలకు వేసిన రక్షణల వల్ల ఆ తరం ప్రాసెసర్లలో సిస్టమ్ కాల్, వీఎం నుంచి హోస్ట్‌లోకి దిగడం రెండూ ఖరీదయ్యాయి. అందుకే ఒక్కో అభ్యర్థనకు ఒక కాల్ చేసే పద్ధతి వీటిని బాగా నొప్పిస్తుంది. చాలా అభ్యర్థనలను ఒకే మూటగా పంపే ఐఓ యూరింగ్ అనే కెర్నెల్ సదుపాయం వీటికి మొదటి మందు. వేగం కోసం ఆ రక్షణలను బూట్ లైనులో ఆపేయమని సలహాలు దొరుకుతాయి. బయటివాళ్ల వీఎంలు, విద్యార్థుల వీఎంలు నడిచే సర్వర్‌లో ఆ పని చేయవద్దు.

## కొలిచేటప్పుడు

ఏ టెస్టు నడపాలి? దేన్ని చూడాలి?

ఎఫ్ఐఓ (డిస్క్ వేగం కొలిచే ప్రోగ్రామ్) చాలు. మూడు కొలతలు తీయండి, ఒక్కోటి కనీసం 60 సెకన్లు, ‘డైరెక్ట్=1’, బ్లాక్ సైజు 4 కేబీ.

మొదటిది రాండమ్ రీడ్, క్యూ డెప్త్ (ఒకేసారి పంపి ఉంచే అభ్యర్థనల సంఖ్య) 1. ఇది ఒక్క అభ్యర్థన రానూ పోనూ పట్టే కాలం చెబుతుంది. డ్రైవర్ దారి తేడా కనపడేది ఇందులోనే. రెండోది రాండమ్ రీడ్, డెప్త్ 32, జాబులు 4. ఇది మొత్తం మోసే శక్తి. మూడోది రైట్, డెప్త్ 1, ‘ఎఫ్‌సింక్=1’ (ప్రతి రైట్ తర్వాత ఫ్లష్, అంటే డేటాను డిస్క్‌లో ఖాయంగా రాయించడం). డేటాబేస్ కమిట్ ఎట్లా నడుస్తుందో చెప్పేది ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. సగటు చూసి ఊరుకోకండి. 99వ పర్సెంటైల్ (నూటికి 99 అభ్యర్థనలు ఇంతలోపు ముగిశాయనే అంకె) రాసిపెట్టుకోండి, ఎందుకంటే కౌంటర్ దగ్గర మనిషికి ‘ఆగిపోయింది’ అనిపించేది ఆ చివరి ఒక్క శాతమే.

జాగ్రత్త: రైట్ టెస్టును డిస్క్ పరికరం పేరు మీద నేరుగా నడిపితే దాని మీదున్న డేటా మొత్తం పోతుంది. ఫైల్ సిస్టమ్‌లో ఒక 10 జీబీ ఫైల్ చేసుకుని దాని మీదే నడపండి. కొత్త ఎస్‌ఎస్‌డీ మొదటి నిమిషాల్లో చూపే రైట్ వేగాన్ని నమ్మవద్దు. ఎస్‌ఎల్‌సీ క్యాష్ (డ్రైవ్‌లోని చిన్న వేగమైన భాగం) నిండాక వచ్చేదే అసలు అంకె.

హోస్ట్‌లో ఒక అంకె, గెస్ట్‌లో ఇంకో అంకె వస్తోంది. ఎంత తేడా ఉంటే దారి మార్చాలి?

డెప్త్ 1 టెస్టును రెండు చోట్లా ఒకే డిస్క్ మీద నడపండి. హోస్ట్‌లో 85 మైక్రోసెకన్లు, గెస్ట్‌లో 110 వస్తే వర్చువలైజేషన్ దారి ఖర్చు 25. యూజర్‌స్పేస్‌కు మారితే ఆ 25లో చాలాభాగంతో పాటు, హోస్ట్ అంకెలో కలిసి ఉన్న కెర్నెల్ భాగం కొంత కూడా తగ్గుతుంది. గెస్ట్ అంకె హోస్ట్ అంకెకు రెండు మూడు రెట్లుంటే మాత్రం అది డ్రైవర్ గుణం కాదు, సెట్టింగ్ తప్పు: డిస్క్ ఐడీఈగా (పాత తరం డిస్క్‌కు నకలు) ఉందో, క్యాష్ మోడ్ తప్పిందో, ఐఓ థ్రెడ్ లేదో. మా అభిప్రాయంలో, కెర్నెల్ దారిని పూర్తిగా సరిదిద్దాక కూడా తేడా 30 శాతం దాటి, ఆ ఆలస్యం అప్లికేషన్‌లో తెలుస్తుంటేనే యూజర్‌స్పేస్ గురించి ఆలోచించాలి.

ఎఫ్ఐఓలో లక్ష ఐఓపీఎస్ (సెకనుకు అభ్యర్థనలు) వస్తోంది, మా అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ మాత్రం నత్తనడక. ఎందుకు?

లక్ష అనేది 128 అభ్యర్థనలు ఒకేసారి పంపినప్పటి అంకె. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ ఒకటి అడిగి, జవాబు వచ్చాక ఇంకొకటి అడుగుతుంది; దానికి సంబంధించింది డెప్త్ 1 అంకె మాత్రమే. డేటా ఫోల్డర్‌ను షేర్ చేసి పక్క గది పీసీల నుంచి తెరుస్తుంటే ప్రతి చిన్న రీడ్‌కూ నెట్‌వర్క్ రానూ పోనూ ఖర్చు తోడవుతుంది, అది డిస్క్ దారి ఖర్చు కంటే ఎన్నో రెట్లు. డేటా ఉన్న వీఎంలోకే రిమోట్ డెస్క్‌టాప్‌తో వచ్చి పని చేయించి చూడండి. గెస్ట్‌లోని యాంటీవైరస్ డేటా ఫోల్డర్‌ను ప్రతిసారీ స్కాన్ చేస్తోందేమో కూడా చూడాలి.

ఐఓస్టాట్‌లో యుటిల్ 100 శాతం చూపిస్తోంది. డిస్క్ అయిపోయినట్టేనా?

హార్డ్ డిస్క్‌కు అవును. ఎన్‌వీఎంఈకి కాదు. ఆ కాలమ్ ‘ఏదో ఒక అభ్యర్థన డిస్క్ దగ్గర ఉన్న సమయం’ మాత్రమే చెబుతుంది. ఎన్‌వీఎంఈ ఒకేసారి ఎన్నో మోస్తుంది. రీడ్, రైట్ ‘అవెయిట్’ (ఒక్కో అభ్యర్థనకు పట్టిన కాలం) కాలమ్‌లు చూడండి.

సర్వర్ ఖాళీగా ఉన్నప్పుడే డెప్త్ 1 ఆలస్యం ఎక్కువ వస్తోంది. విచిత్రంగా ఉండాదే?

సీపీయూ నిద్రలోకి జారుతోంది. పని లేని కోర్ లోతైన సీ-స్టేట్‌లోకి వెళ్తే లేవడానికి పదుల నుంచి వంద మైక్రోసెకన్లకు పైగా పడుతుంది. ఆ ఆలస్యం ఇంటరప్ట్ తర్వాత వచ్చి డ్రైవర్ ఖాతాలో పడుతుంది. పోలింగ్ డ్రైవర్ గెలిచినట్టు కనపడే టెస్టుల్లో కొంత గెలుపు ఇదే, ఎందుకంటే దాని కోర్ నిద్రపోదు. ట్యూన్డ్ (లినక్స్ పనితీరు సెట్టింగుల సర్వీస్)లో ‘లేటెన్సీ-పెర్ఫార్మెన్స్’ ప్రొఫైల్ పెట్టి మళ్లీ కొలవండి. కరెంటు, వేడి కొంచెం పెరుగుతాయి.

## కెర్నెల్ దారిని సరిదిద్దేటప్పుడు

విండోస్ వీఎం డిస్క్ ఐడీఈలో ఉంది. వర్ట్‌ఐఓకి మారిస్తే బ్లూ స్క్రీన్ వస్తోంది, ఎట్ట?

విండోస్‌కు బూట్ సమయంలో వర్ట్‌ఐఓ డ్రైవర్ తెలియకపోతే 0ఎక్స్7బీ కోడ్‌తో ఆగిపోతుంది. వరస ఇది: ముందు బ్యాకప్. ప్రధాన డిస్క్‌ను ఐడీఈలోనే ఉంచి, 1 జీబీ ఖాళీ డిస్క్ ఒకటి వర్ట్‌ఐఓగా జోడించండి. వర్ట్‌ఐఓ-విన్ ఐఎస్ఓను సీడీగా పెట్టి వీఎం లేపి డ్రైవర్లు ఇన్‌స్టాల్ చేయండి. డివైస్ మేనేజర్‌లో ఆ చిన్న డిస్క్ సరిగా కనపడాలి. వీఎంను పూర్తిగా షట్‌డౌన్ చేసి, చిన్న డిస్క్ తీసేసి, ప్రధాన డిస్క్‌ను వర్ట్‌ఐఓకు మార్చి, బూట్ క్రమంలో దాన్నే మొదట పెట్టండి. చిన్న డిస్క్‌ను ఏ రకంగా జోడించారో ప్రధాన డిస్క్ కూడా అదే రకం కావాలి: వర్ట్‌ఐఓ-బ్లాక్‌కు ఒక డ్రైవర్, వర్ట్‌ఐఓ-స్కజీకి వేరే డ్రైవర్.

మిల్లు సర్వర్లలో ఎక్కువ లాభం వచ్చే మార్పు ఇదొక్కటే. ఐడీఈ ఎమ్యులేషన్‌లో ఒక్క అభ్యర్థనకు గెస్ట్ పలుసార్లు హోస్ట్‌లోకి దిగాలి. వర్ట్‌ఐఓలో ఒక్క తట్టుతో సరిపోతుంది.

క్యాష్ మోడ్ ఏది పెట్టాలి? నన్, రైట్‌బ్యాక్, అన్‌సేఫ్...

ఎస్‌ఎస్‌డీ, ఎన్‌వీఎంఈ మీద ‘నన్’. హోస్ట్ పేజ్ క్యాష్‌ను (ర్యామ్‌లో దాచే కాపీ) దాటి నేరుగా డిస్క్‌కు పోతుంది. గెస్ట్ పంపే ఫ్లష్ మాత్రం డిస్క్ దాకా వెళ్తుంది. ‘రైట్‌బ్యాక్’ కూడా ఫ్లష్‌ను గౌరవిస్తుంది, కానీ గెస్ట్ ర్యామ్‌లో ఒక కాపీ, హోస్ట్ ర్యామ్‌లో ఒక కాపీ దాచుకుంటుంది. ‘అన్‌సేఫ్’ ఫ్లష్‌ను పట్టించుకోదు. దాని వేగం చూసి ముచ్చటపడి డేటాబేస్ వీఎంకు పెట్టినవాళ్లకు, తుపాను రాత్రి కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే పాడైన ఫైళ్లు మిగులుతాయి. ఇన్‌స్టాల్ చేసి పారేసే టెస్టు వీఎంలకు మాత్రమే అది.

ఐఓ ఆప్షన్‌లో థ్రెడ్స్, నేటివ్, ఐఓ యూరింగ్ ఉన్నాయి. ఏది?

కెర్నెల్ 5.1 (2019)లో ఐఓ యూరింగ్ వచ్చింది, క్యూఎము 5.0 (2020) నుంచి వీఎం డిస్కులకు వాడుకోవచ్చు. కొత్త సర్వర్‌లో ముందు దాన్నే ప్రయత్నించండి. ‘నేటివ్’ ఎల్‌వీఎం వాల్యూమ్ లాంటి బ్లాక్ పరికరాల మీద బాగుంటుంది, క్యాష్ ‘నన్’గా ఉండాలి. నిండని స్పార్స్ ఫైల్ మీద మాత్రం చోటు కేటాయించేటప్పుడు పంపే కాల్ దగ్గరే ఆగిపోతుంది, గెస్ట్‌కు అది అప్పుడప్పుడూ కుదుపులా తెలుస్తుంది. ‘థ్రెడ్స్’ ఎక్కడైనా నడుస్తుంది, సీపీయూ ఎక్కువ తింటుంది.

ఐఓ యూరింగ్ పెడితే వీఎం లేవకపోతే హోస్ట్‌లో ‘కెర్నెల్.ఐఓ_యూరింగ్_డిసేబుల్డ్’ విలువ చూడండి. కెర్నెల్ 6.6 నుంచి ఈ తాళం ఉంది. భద్రత కోసం మూసి ఉండొచ్చు.

ఐఓ థ్రెడ్ అంటే ఏంది? ఎన్ని పెట్టాలి?

డిస్క్ పనికి విడిగా పెట్టే థ్రెడ్. అది లేకపోతే వీఎంకున్న డిస్కులన్నిటి పనీ క్యూఎము ప్రధాన థ్రెడ్ మీదే పడుతుంది. మానిటర్ ఆదేశాలు, ఇతర పరికరాల పని కూడా అదే చేయాలి. బరువైన డిస్క్‌కు ఒక ఐఓ థ్రెడ్ ఇచ్చి, గెస్ట్ వీసీపీయూలు (వీఎంకు ఇచ్చిన సీపీయూలు) వాడని కోర్‌కు పిన్ చేయండి (కట్టేయండి). ప్రాక్స్‌మాక్స్‌లో అయితే ‘వర్ట్‌ఐఓ స్కజీ సింగిల్’ కంట్రోలర్ ఎంచుకుని, డిస్క్ దగ్గర ఐఓ థ్రెడ్ టిక్ పెట్టాలి. ఒక్క డిస్క్‌కే విపరీతమైన బరువుంటే, క్యూఎము 9.0 (2024) నుంచి వర్ట్‌ఐఓ-బ్లాక్ డిస్క్ క్యూలను పలు ఐఓ థ్రెడ్లకు పంచవచ్చు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఐఓ థ్రెడ్ కూడా నిద్రపోయే ముందు కాసేపు పోలింగ్ చేస్తుంది; డీఫాల్ట్ గరిష్ఠం 32,768 నానోసెకన్లు, అంటే సుమారు 33 మైక్రోసెకన్లు. యూజర్‌స్పేస్ డ్రైవర్ ఇచ్చే లాభంలో కొంత ముక్క ఇక్కడ ఉచితంగానే వస్తోంది.

క్యూకౌ2 ఫైల్ ఉంచాలా, రా చేయాలా?

స్నాప్‌షాట్లు కావాలంటే క్యూకౌ2 (క్యూఎము సొంత డిస్క్ ఫైల్ ఫార్మాట్) ఉంచండి, కానీ దాని సూచిక క్యాష్ సరిపోతోందో చూడండి. 64 కేబీ క్లస్టర్‌తో 1 ఎంబీ క్యాష్ 8 జీబీ డిస్క్‌ను కప్పుతుంది. క్యూఎము 3.1 నుంచి లినక్స్‌లో డీఫాల్ట్ గరిష్ఠం 32 ఎంబీ, అంటే 256 జీబీ దాకా ఫర్వాలేదు. 500 జీబీ డిస్క్‌కు 63 ఎంబీ కావాలి. లేకపోతే రాండమ్ రీడ్‌లో ఒక అభ్యర్థన రెండుగా మారుతుంది, నింద డ్రైవర్ మీద పడుతుంది. ఎల్‌వీఎం మీద రా (సూచిక లేని ముడి రూపం) పెడితే ఈ గొడవే ఉండదు.

కెర్నెల్ లోపలే నడిచే వీహోస్ట్-స్కజీ ఉందిగా, అది ఎందుకు ఎక్కువగా వాడరు?

2012లో కెర్నెల్ 3.6తో వచ్చింది, గెస్ట్ క్యూను కెర్నెల్‌లోని ఎల్ఐఓ టార్గెట్ అనే భాగం నేరుగా అందుకుంటుంది, క్యూఎము మధ్యలో లేదు. మధ్యలో లేకపోవడమే చిక్కు కూడా: క్యూకౌ2 లేదు, క్యూఎము స్నాప్‌షాట్ లేదు, క్యూఎము వేగ పరిమితులు లేవు. లాభం కూడా ఐఓ థ్రెడ్‌తో సరిదిద్దిన మామూలు దారికి మించి పెద్దగా తెలియదు.

## యూజర్‌స్పేస్ దారి పట్టేటప్పుడు

యూజర్‌స్పేస్‌లోనే మూడు నాలుగు పద్ధతులు చెబుతున్నారు. ఏది దేనికి?

ఒకే వీఎంకు ఒక ఎన్‌వీఎంఈ పూర్తిగా ఇచ్చేయగలిగితే పీసీఐ పాస్‌త్రూ. డ్రైవర్ గెస్ట్ లోపలికే వెళ్లిపోతుంది, సొంత యంత్రం మీద ఉన్నంత దగ్గర వేగం వస్తుంది. కానీ గెస్ట్ ర్యామ్ మొత్తం పిన్ అవుతుంది, స్నాప్‌షాట్ ఉండదు, మామూలుగా లైవ్ మైగ్రేషన్ కుదరదు.

క్యూఎములోనే 2.12 (2018) నుంచి ఒక ఎన్‌వీఎంఈ యూజర్‌స్పేస్ డ్రైవర్ ఉంది. ఇదీ ఒక్క వీఎంకే, కాకపోతే క్యూఎము బ్లాక్ లేయర్ సదుపాయాలు పోవు.

ఒక ఎన్‌వీఎంఈని అనేక వీఎంలు పంచుకోవాలంటే ఎస్‌పీడీకే వీహోస్ట్. డ్రైవ్‌ను లాజికల్ వాల్యూములుగా కోసి ఒక్కో వీఎంకు ఒక్కో సాకెట్ ద్వారా ఇస్తుంది.

2022లో కెర్నెల్ 6.0తో వచ్చిన యూబ్లాక్ వేరే జాతి. అక్కడ బ్లాక్ పరికరం కెర్నెల్‌లో కనపడుతుంది, దాని వెనక పని చేసేది యూజర్‌స్పేస్ ప్రోగ్రామ్. సొంతంగా స్టోరేజ్ రాసుకునేవాళ్లకు మంచిది. ఉన్న డ్రైవ్ వేగం పెంచడానికి కాదు.

ఎస్‌పీడీకే వీహోస్ట్ మొదలుపెట్టడానికి వరస ఏంది?

బయోస్‌లో ఇంటెల్ అయితే వీటీ-డీ, ఏఎండీ అయితే ఐఓఎంఎంయూ (పరికరం ఏ మెమరీని ముట్టుకోవచ్చో కాపలా కాసే భాగం) ఆన్ చేయండి. ఇంటెల్ సర్వర్‌కు బూట్ లైనులో ‘ఇంటెల్_ఐఓఎంఎంయూ=ఆన్’ జోడించాలి. ఎస్‌పీడీకేకు ఇచ్చే ఎన్‌వీఎంఈ హోస్ట్ బూట్ అయ్యే డ్రైవ్ కాకూడదు. వేరేది ఉండాలి, అందులోని డేటా ముందే వేరేచోట ఉండాలి.

దాని పీసీఐ చిరునామా ‘ఎల్ఎస్‌పీసీఐ’తో రాసుకోండి. ఎస్‌పీడీకే సెటప్ స్క్రిప్ట్ నడిపేటప్పుడు ‘పీసీఐ_అలౌడ్’లో ఆ ఒక్క చిరునామా ఇవ్వండి. మౌంట్ అయి ఉన్న డ్రైవ్‌లను స్క్రిప్ట్ ముట్టుకోదు, కానీ ఖాళీగా ఉన్న మిగతా ఎన్‌వీఎంఈలన్నీ లాక్కుంటుంది. తర్వాత వీహోస్ట్ ప్రోగ్రామ్‌ను ఒక కోర్ మాస్క్‌తో లేపి, ఆర్‌పీసీ (నడుస్తున్న ప్రోగ్రామ్‌కు ఆదేశాలు పంపే దారి) ద్వారా మూడు పనులు: ఎన్‌వీఎంఈ కంట్రోలర్‌ను జోడించడం, లాజికల్ వాల్యూములు చేయడం, ఒక్కో దానికి వీహోస్ట్-బ్లాక్ కంట్రోలర్ సృష్టించడం. వీఎం వైపు లిబ్‌వర్ట్‌లో డిస్క్ రకం ‘వీహోస్ట్‌యూజర్’, సాకెట్ దారి, మెమరీ బ్యాకింగ్‌లో హ్యూజ్‌పేజీలు (పెద్ద సైజు మెమరీ ముక్కలు), యాక్సెస్ మోడ్ ‘షేర్డ్’.

ఆ చివరి ‘షేర్డ్’ మరిచిపోవడం అందరూ చేసే తప్పు. ఎస్‌పీడీకే గెస్ట్ మెమరీని నేరుగా చూడాలి; పంచుకోకపోతే వీఎం లేవదు, లేదా డిస్క్ లేకుండా లేస్తుంది. సాకెట్ అనుమతులు, యాప్‌ఆర్మర్ లేదా ఎస్ఈలినక్స్ (లినక్స్ భద్రతా కాపలాలు) అడ్డుపడటం రెండో తప్పు.

హ్యూజ్‌పేజీలు ఎన్ని పెట్టాలి?

వీఎంల ర్యామ్ మొత్తం, దానికి తోడు ఎస్‌పీడీకే భాగం. స్క్రిప్ట్ డీఫాల్ట్‌గా 2,048 ఎంబీ మాత్రమే కేటాయిస్తుంది, అది ఎస్‌పీడీకేకే సరి. ఒక్కోటి 8 జీబీ ఉన్న వీఎంలు నాలుగైతే 32 జీబీ, అంటే 2 ఎంబీ పేజీలు 16,384. ఎస్‌పీడీకేకు 1,024. మొత్తం 17,408. బూట్ అయిన వెంటనే కేటాయించండి. నాలుగు రోజులు నడిచిన సర్వర్‌లో మెమరీ ముక్కలై అడిగినన్ని దొరకవు. ఈ ర్యామ్ స్వాప్‌కు పోదు, వేరే పనికి రాదు. 64 జీబీ సర్వర్‌లో సగానికి పైగా కట్టేసినట్టే, కాబట్టి ర్యామ్‌ను ఉన్నదానికంటే ఎక్కువగా పంచి నెట్టుకొచ్చే అలవాటున్న చోట ఈ దారి కుదరదు.

ఎస్‌పీడీకే పెట్టాక ఒక కోర్ ఎప్పుడూ 100 శాతం. ఏమన్నా తప్పా?

తప్పు కాదు, పోలింగ్ అంటే అదే. అభ్యర్థన ఉన్నా లేకున్నా తిరుగుతూనే ఉంటుంది. 8 కోర్ల సర్వర్‌లో ఎనిమిదో వంతు పోయింది, ఆదివారం ఆఫీసు మూసి ఉన్నా సరే. ఆ కోర్‌ను గెస్ట్ వీసీపీయూలు, ఇంటరప్ట్‌లు ముట్టుకోకుండా వేరుచేయాలి. అదే కోర్ మీద వీసీపీయూ కూడా పడితే ఇద్దరూ కొట్టుకుని కెర్నెల్ దారి కంటే అధ్వానం అవుతుంది. రెండు సాకెట్ల సర్వర్ అయితే ఎన్‌వీఎంఈ ఏ న్యూమా నోడ్‌కు (ఒక సాకెట్, దాని దగ్గరి మెమరీ) తగిలి ఉందో చూసి, కోర్, హ్యూజ్‌పేజీలు అదే నోడ్‌లో ఇవ్వండి.

ఎల్‌వీఎం, సాఫ్ట్‌వేర్ రెయిడ్, లక్స్ ఎన్‌క్రిప్షన్, రోజువారీ బ్యాకప్ పనిచేస్తాయా?

ఆ డ్రైవ్ మీద పనిచేయవు. అవన్నీ కెర్నెల్ బ్లాక్ లేయర్ మీద కట్టినవి, మనం దాటేసింది ఆ లేయర్‌నే. ఎస్‌పీడీకేలో సొంత లాజికల్ వాల్యూములు, రెయిడ్, ఎన్‌క్రిప్షన్ మాడ్యూళ్లు ఉన్నాయి, కానీ పాత డిస్క్ ఫార్మాట్లను చదవవు. క్యూకౌ2 ఫైళ్లను రాగా మార్చి కాపీ చేయాలి. క్యూఎము బ్లాక్ లేయర్ ద్వారా నడిచే బ్యాకప్‌లకు వీహోస్ట్‌యూజర్ డిస్క్ కనపడదు. గెస్ట్ లోపల బ్యాకప్ ఏజెంట్ పెట్టి, ఒకసారి రిస్టోర్ చేసి చూసేదాకా అసలు డేటాను అటు మార్చకండి.

## నడుస్తున్నప్పుడు

ఎస్‌పీడీకే ప్రాసెస్ పడిపోతే వీఎంలు ఏమౌతాయి?

దాని మీదున్న వీఎంలన్నిటి డిస్కులూ ఒకేసారి ఆగిపోతాయి. మామూలు దారిలో ఒక క్యూఎము పడితే ఒక వీఎం పోతుంది. ఇక్కడ అందరూ ఒకే పడవలో ఉన్నారు. వీహోస్ట్‌యూజర్ డిస్క్‌కు రీకనెక్ట్ సెట్టింగ్ ఉంది, అది పెట్టి ఎస్‌పీడీకేను సిస్టమ్‌డీ సర్వీస్‌గా తిరిగి లేచేలా చేయండి. అసలు పనికి పెట్టేముందు ప్రాసెస్‌ను కావాలని చంపి, వీఎం కోలుకుంటుందో లేదో మీ వెర్షన్‌తో చూడాల్సిందే.

కరెంటు పోయి వచ్చాక వీఎంలు లేవలేదు. డ్రైవ్ పోయిందా?

ఎక్కువసార్లు డ్రైవ్ బాగానే ఉంటుంది, వరస తప్పుతుంది. హ్యూజ్‌పేజీలు, డ్రైవ్‌ను వీఎఫ్ఐఓకు (పరికరాన్ని యూజర్‌స్పేస్‌కు అప్పగించే కెర్నెల్ భాగం) కట్టడం, ఎస్‌పీడీకే లేవడం, దాని కాన్ఫిగ్ లోడ్ కావడం, ఆ తర్వాతే వీఎం ఆటోస్టార్ట్. ఆర్‌పీసీతో చేసిన మార్పులు వాటంతటవి నిలవవు. ‘సేవ్_కాన్ఫిగ్’తో జేసన్ ఫైల్‌లో దాచి, లేచేటప్పుడు ఆ ఫైల్ ఇవ్వాలి. కొత్త కార్డు ఏదైనా గుచ్చి ఉంటే పీసీఐ చిరునామా మారి ఉండవచ్చు. డ్రైవ్‌ను కెర్నెల్‌కు తిరిగి ఇచ్చి చూసుకోవాలంటే వీఎంలు, ఎస్‌పీడీకే ఆపి, సెటప్ స్క్రిప్ట్‌ను ‘రీసెట్’తో నడపండి.

రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట మాత్రమే డిస్క్ మందగిస్తోంది. డ్రైవర్ మార్చాలా?

మార్చవద్దు, ముందు ఉష్ణోగ్రత చూడండి. బయట 44, 45 డిగ్రీలున్న రోజున ఏసీ ఆగిన గదిలో ఎన్‌వీఎంఈ తన వేగం తానే తగ్గించుకుంటుంది. ‘ఎన్‌వీఎంఈ స్మార్ట్-లాగ్’లో ఉష్ణోగ్రతతో పాటు, హెచ్చరిక గీత దాటి ఎన్ని నిమిషాలు గడిపిందో ఉంటుంది. ఆ గీత ఎంతో ‘ఐడీ-సీటీఆర్‌ఎల్’లో డబ్ల్యూసీటెంప్ చెబుతుంది, కెల్విన్‌లో ఉంటుంది, 273 తీసేయండి. హీట్‌సింక్, గాలి దారి, తీరప్రాంతపు ఉప్పు గాలికి చెడిన ఫ్యాన్లు చూసుకోవాలి.

యూజర్‌స్పేస్ దారిలో ఇక్కడ ఒక గొయ్యి ఉంది. డ్రైవ్ వీఎఫ్ఐఓ చేతికి వెళ్లాక ఈ కెర్నెల్ పనిముట్లకు కనపడదు; మీ మానిటరింగ్ ఏ హెచ్చరికా లేకుండా గుడ్డిదవుతుంది. ఎస్‌పీడీకే ఐడెంటిఫై టూల్ ద్వారా ఆ అంకెలు తీసి గ్రాఫ్‌లో పెట్టుకోండి.

యూజర్‌స్పేస్‌లో పేజ్ క్యాష్ లేదుగా, కరెంటు పోయినా డేటా భద్రమేనా?

క్యాష్ ‘నన్’తో కెర్నెల్ దారి ఎంత భద్రమో ఇదీ అంతే. రెండిట్లోనూ గెస్ట్ ఫ్లష్ డ్రైవ్ దాకా వెళ్తుంది. ఫ్లష్‌కు ముందున్నది డ్రైవ్ లోపలి ర్యామ్‌లో ఉంటే పోవచ్చు. పవర్ లాస్ ప్రొటెక్షన్ ఉన్న డ్రైవ్‌లో కెపాసిటర్లు దాన్ని కాపాడతాయి. వాటివల్లే ఫ్లష్ కూడా తక్షణం ముగుస్తుంది, అవి లేని సాదా డ్రైవ్‌లో ఒక్క ఎఫ్‌సింక్ మిల్లీసెకన్ దాటుతుంది. డేటాబేస్ వీఎం ఉన్నవాళ్లు డ్రైవర్ మార్చే ముందు డ్రైవ్ మార్చాలనేది అందుకే.

నిన్నటిదాకా బాగున్న రెయిడ్ కార్డు సర్వర్ ఉన్నట్టుండి పదో వంతుకు పడిపోయింది?

కార్డు బ్యాటరీ లేదా కెపాసిటర్ చచ్చి ఉంటుంది. అది పోతే కార్డు రైట్‌బ్యాక్ (క్యాష్‌లో రాసి అయిందనడం) నుంచి రైట్‌త్రూకు (డిస్క్‌లో రాశాకే అయిందనడం) తనే మారిపోతుంది. కార్డు టూల్‌లో బ్యాటరీ స్థితి, వాల్యూమ్ క్యాష్ పాలసీ చూడండి. బ్యాటరీ మార్చకుండా బలవంతంగా రైట్‌బ్యాక్ పెట్టవద్దు.

కాలేజీ ల్యాబ్‌లో విద్యార్థులకు రెండు దార్లూ చూపించాలి. ఖాళీ ఎన్‌వీఎంఈ లేదు, కుదురుద్దా?

కుదురుతుంది. ఎస్‌పీడీకేలో ర్యామ్‌నే డిస్క్‌గా చూపే ‘మాలాక్’ పరికరం ఉంది; 512 ఎంబీది ఒకటి చేసి వీహోస్ట్-బ్లాక్‌గా వీఎంకు ఇవ్వండి. కెర్నెల్ వైపు పోటీగా ‘బీఆర్‌డీ’ ర్యామ్ డిస్క్ మీద ఐఓ థ్రెడ్, ఐఓ యూరింగ్‌తో మామూలు వర్ట్‌ఐఓ డిస్క్. రెండిట్లోనూ డిస్క్ ఆలస్యం దాదాపు లేదు కాబట్టి ఎఫ్ఐఓ డెప్త్ 1లో కనపడే తేడా మొత్తం దారిదే. పక్కనే ‘టాప్’ తెరిచి ఎస్‌పీడీకే కోర్‌ను కూడా చూపించండి. ఎఫ్ఐఓ ఆపేశాక కూడా అది 100 దగ్గరే ఉండటం విద్యార్థులు కళ్లారా చూడాలి. ఇందుకు 4 కోర్లు, 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాబ్ పీసీ చాలు.